టచ్ పట్టీనా, ఫంక్షన్ కీలా: ల్యాప్‌టాప్ కొనే ముందు, కొన్న తరువాత చేయవలసిన పనులు

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని అందరమూ అడుగుతాము. అంకెల వరుసకు పైన ఉండే సన్నని వరుసలో నిజంగా నొక్కే కీలు (ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు ఉండే ఫంక్షన్ కీలు) ఉన్నాయా, లేక అద్దం మీద వెలిగే బొమ్మలు (టచ్ పట్టీ) ఉన్నాయా అని అడిగేవారు తక్కువ. రోజుకు ఎనిమిది గంటలు కీబోర్డు మీద చేతులు పెట్టి పనిచేసేవారికి మాత్రం ఆ సన్నని వరుస ఎంత ముఖ్యమైనదో మొదటి వారంలోనే తెలిసివస్తుంది. కొనబోయే ముందు ఏమి పరీక్షించుకోవాలో, టచ్ పట్టీ ఉన్న యంత్రం ఇప్పటికే మీ చేతిలో ఉంటే దానిని మీ పనికి అనువుగా ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

టచ్ పట్టీ కొత్త ఆలోచన కాదు. లెనోవో సంస్థ 2014లో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ రెండవ తరంలో ఫంక్షన్ కీలను తీసివేసి, తెరచిన ప్రోగ్రామును బట్టి గుర్తులు మారే తాకుడు వరుసను పెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన మోడల్‌లో మామూలు కీలు తిరిగి వచ్చాయి. ఆపిల్ 2016 అక్టోబరులో మ్యాక్‌బుక్ ప్రో మీద టచ్ బార్‌ను ప్రవేశపెట్టింది. అది 2170 పిక్సెళ్ల పొడవు, 60 పిక్సెళ్ల ఎత్తు గల చిన్న ఓఎల్ఈడీ తెర. 2019 నవంబరులో వచ్చిన 16 అంగుళాల మోడల్‌లో ఎస్కేప్ కీ తిరిగి నొక్కే కీగా మారింది. 2021 అక్టోబరులో వచ్చిన 14, 16 అంగుళాల మోడళ్లలో టచ్ బార్ పూర్తిగా పోయి, దాని స్థానంలో పూర్తి ఎత్తు గల ఫంక్షన్ కీలు వచ్చాయి. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో మాత్రం ఆపిల్ సొంత చిప్‌లైన ఎం1, ఎం2ల కాలం వరకు టచ్ బార్ కొనసాగి, 2023 అక్టోబరులో ఆ మోడల్‌తో పాటే ముగిసింది. ఈలోగా డెల్ 2022లో ఎక్స్‌పీఎస్ 13 ప్లస్ మీద, తరువాత 2024 నాటి ఎక్స్‌పీఎస్ 14, 16 మోడళ్ల మీద వేరే రకం తాకుడు వరుసను పెట్టింది. కాబట్టి సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో గాని, ఆఫీసు ఇచ్చే యంత్రాలలో గాని ఈ పట్టీ మీకు ఇంకా కొన్నేళ్లు ఎదురవుతూనే ఉంటుంది.

రెండింటి మధ్య అసలు తేడా అందంలోనో, ఆధునికతలోనో లేదు. కీ మీద వేలు ఆనించి ఉంచవచ్చు; నొక్కాలని నిర్ణయించుకున్న తరువాతే నొక్కవచ్చు. పట్టీ మీద వేలు ఆనించడమే నొక్కడం అవుతుంది. అందుచేత కీని చేత్తో తడిమి వెతుక్కోవచ్చు గాని, పట్టీని కంటితోనే వెతుక్కోవాలి. కింద చెప్పే పనులన్నిటికీ ఈ తేడాయే ఆధారం.

మొదటి పని: వారం రోజులు మీ వేళ్లను గమనించండి

ఒక చిన్న కాగితాన్ని కీబోర్డు పక్కన పెట్టుకోండి. పై వరుసలోని కీని నొక్కిన ప్రతిసారీ ఏ కీ నొక్కారో, అప్పుడు మీ కళ్లు ఎక్కడ ఉన్నాయో రెండు గుర్తులతో రాయండి. కళ్లు తెర మీదనో, చేతిలోని కాగితం మీదనో ఉంటే ఒక గుర్తు. కీబోర్డు మీద ఉంటే మరొక గుర్తు. మొత్తం ఎన్నిసార్లు నొక్కారన్న దానికంటే ఈ రెండవ లెక్క విలువైనది. రోజుకు నలభైసార్లు శబ్దం తగ్గించి పెంచేవారికి పట్టీ వల్ల ఇబ్బంది ఉండకపోవచ్చు. రోజుకు పదిసార్లే నొక్కినా ఒక్కసారి కూడా కిందికి చూడనివారికి అది ఖాయంగా ఇబ్బందే.

వాణిజ్య లెక్కలు రాసేవారిని తీసుకోండి. ట్యాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వోచర్ల పని అంతా ఫంక్షన్ కీల మీదే నడుస్తుంది: ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. తేదీ మార్చడానికి ఎఫ్2. అలవాటు పడిన అకౌంటెంటు ఎడమచేత్తో బిల్లుల కట్టను తిప్పుతూ, చూపు బిల్లు మీదనే నిలిపి, కుడిచేత్తో ఇవన్నీ నొక్కుకుంటూ పోతాడు. గుంటూరులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కలు రాసే మా బంధువు ఒకాయన టచ్ పట్టీ ఉన్న ల్యాప్‌టాప్ మీద కొన్నాళ్లు ఈ పని చేశాడు. ఎఫ్8, ఎఫ్9 పక్కపక్కనే ఉంటాయి. వేలికి వాటి అంచు తెలియదు. అమ్మకం వోచరు తెరవబోయి కొనుగోలు వోచరు తెరవడం, అది సగం నింపాక గాని తప్పు తెలియకపోవడం ఆయనకు తరచు జరిగేది. చివరికి పక్కన ఒక మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకుని, ల్యాప్‌టాప్ కీబోర్డును ముట్టుకోవడమే మానేశాడు. ఆయన పనికి అదే సరైన పరిష్కారమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఎక్సెల్‌లో గడిని సవరించడానికి ఎఫ్2, సూత్రంలోని గడి చిరునామాను స్థిరపరచడానికి ఎఫ్4 వాడేవారి పరిస్థితి కూడా ఇంచుమించు ఇదే. ప్రోగ్రామర్లలో విజువల్ స్టూడియో కోడ్ వాడేవారు డీబగ్ చేసేటప్పుడు, అంటే కోడ్‌లో తప్పు వెతికేటప్పుడు, ఎఫ్10తో ఒక్కొక్క వరుస దాటుతూ, ఎఫ్11తో ఫంక్షన్ లోపలికి వెళుతూ, చూపును పూర్తిగా వేరియబుళ్ల విలువల మీద పెడతారు. ఆ సమయంలో పొరపాటున ఎఫ్10 బదులు ఎఫ్11 తాకితే ఎవరో రాసిన లైబ్రరీ లోపలికి వెళ్లిపోయి, పట్టుకున్న ఆలోచన తెగిపోతుంది. ఇలాంటి పని చేసేవారి కాగితం మీద మొదటి రకం గుర్తులే నిండి ఉంటాయి.

ఇంకొక వర్గం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూపు లేనివారు, చూపు బాగా తగ్గినవారు తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లతో పనిచేసేటప్పుడు పై వరుస కీలు వారికి నిత్యావసరం. పేజీలోని లింకులు, శీర్షికల జాబితాను తెరవడానికి ఎన్‌వీడీఏ కీతో పాటు ఎఫ్7 నొక్కాలి. కిటికీని మూయడానికి ఆల్ట్‌తో పాటు ఎఫ్4 నొక్కాలి. పెద్ద కీబోర్డుల మీద ఫంక్షన్ కీలను నాలుగేసి చొప్పున విడదీసి మధ్యలో ఖాళీ వదలడం వల్ల వేలితో తడిమి ఎఫ్5 ఎక్కడ మొదలవుతుందో కనుక్కోవచ్చు. మ్యాక్‌లోని వాయిస్‌ఓవర్ టచ్ బార్ మీద ఉన్నదానిని చదివి వినిపించగలదన్నది నిజమే. కాని తాకి, విని, మళ్లీ తాకవలసిన ఆ పద్ధతి ఒక్క నొక్కుతో అయ్యే పనికి సాటిరాదు. మీ ఇంట్లో గాని, మీ ఆఫీసులో గాని అటువంటివారి కోసం యంత్రం ఎంపిక చేస్తున్నట్లయితే తక్కిన అంచెలు చదవనవసరం లేదు. నొక్కే కీలు ఉన్నదే తీసుకోండి.

వారం తరువాత కాగితం చూడండి. ఎక్కువ గుర్తులు శబ్దం, వెలుతురు, పాట ఆపడం వంటి వాటివైతే, అవి కూడా కీబోర్డు వైపు చూసి నొక్కినవైతే, టచ్ పట్టీ మీకు సరిపోతుంది. వీడియోలో ముందుకు వెనక్కు జరపడం, శబ్దాన్ని వేలితో జార్చి సరిచేయడం వంటి పనులలో అది కీల కంటే హాయిగా కూడా ఉంటుంది. మిగిలిన సందర్భాలలో నొక్కే కీల వైపే మొగ్గు చూపండి.

రెండవ పని: దుకాణంలో కళ్లు మూసుకుని పరీక్షించండి

డెమో యంత్రం ముందు నిలబడి కాకుండా, వీలైతే కూర్చుని, చూపుడు వేళ్లను ఎఫ్, జె అక్షరాల మీది చిన్న గీతల మీద ఉంచండి. కళ్లు మూసుకుని ఎస్కేప్‌ను పదిసార్లు, ఎఫ్5ను పదిసార్లు నొక్కండి. బ్రౌజరులో ఏదైనా పేజీ తెరచి ఉంచితే విండోస్ యంత్రంలో ఎఫ్5కు పేజీ మళ్లీ లోడ్ అవుతుంది కనుక, వేలు సరైన చోట పడిందో లేదో శ్రద్ధగా గమనించమని పక్కనున్నవారిని అడగవచ్చు. పదిలో ఎనిమిదికి తగ్గితే ఆ వరుస మీకు కుదరదని నా అభిప్రాయం. అలవాటు మీద కుదురుతుందని దుకాణదారు చెప్పవచ్చు. అంచు లేని చోట వేలికి అలవాటు పెద్దగా సాయం చేయదు.

డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్ వంటి వాటిని చూసేటప్పుడు ఇంకొకటి గమనించాలి. ఆ వరుస ఆపిల్ టచ్ బార్ లాంటి తెర కాదు. నున్నని పలక కింద స్థిరమైన వెలుగు గుర్తులు రెండు జట్లుగా ఉంటాయి: ఒక జట్టు శబ్దం, వెలుతురు వంటివి, మరొక జట్టు ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు. గుర్తుల చోటు మారదు కనుక ఇది కొంత నయమే, అయితే ఎస్కేప్, డిలీట్ కూడా ఆ పలక మీదే ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, యంత్రాన్ని కిటికీ పక్కకో, దుకాణం గుమ్మం దగ్గరకో తీసుకువెళ్లి పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద చక్కగా కనిపించిన గుర్తులు ఎండ పడేచోట వెలవెలబోతాయి. మేడ మీద వరండాలోనో, రైలు కిటికీ పక్కనో పనిచేసే అలవాటు ఉన్నవారికి ఈ ఒక్క పరీక్షతోనే సమాధానం దొరుకుతుంది.

సికింద్రాబాదు ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత మ్యాక్‌బుక్ కొనేవారు పట్టీ ఆరోగ్యాన్ని కూడా చూసుకోవాలి. ముందుగా టచ్ బార్‌ను విస్తరించిన రూపంలో (మూడవ పనిలో చెప్పే ఎక్స్‌పాండెడ్ కంట్రోల్ స్ట్రిప్) పెట్టించి, ఎడమ చివర నుంచి కుడి చివర వరకు ప్రతి గుర్తునూ తాకండి. స్పందన లేని చోటు ఏదైనా ఉందేమో చూడండి. తరువాత దానిని తిరిగి యాప్ కంట్రోల్స్ రూపానికి మార్పించి, టెక్స్ట్ఎడిట్ తెరచి, ఎమోజీల గుర్తు తాకి, ఆ వరుసను వేలితో అటూ ఇటూ జరపండి. వరుస కదలిక మధ్యలో ఎక్కడైనా తెగినట్లు ఆగిపోతే అక్కడ స్పర్శ గ్రహించే పొర దెబ్బతిన్నదని అనుమానించాలి. పది నిమిషాలు యంత్రాన్ని వాడిన తరువాత పట్టీ మిణుకుమిణుకుమంటోందేమో మరొకసారి చూడండి. చల్లగా ఉన్నప్పుడు కనబడని మిణుకు వేడెక్కాక బయటపడవచ్చు.

బొమ్మ చెడిపోయినట్లు కనిపిస్తే కమాండ్, షిఫ్ట్, 6 కలిపి నొక్కండి. టచ్ బార్ మీద ఉన్నది బొమ్మగా డెస్క్‌టాప్ మీద చేరుతుంది. ఆ బొమ్మలో అంతా సవ్యంగా ఉండి, పట్టీ మీద మాత్రం గీతలో మచ్చలో ఉంటే లోపం తెరలోనే ఉన్నది, సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన పోదు. బొమ్మలో కూడా తప్పుగా ఉంటే లోపం సాఫ్ట్‌వేర్‌ది, దానిని ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. బేరం ఆడేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండడం మంచిది. పట్టీ కుడి చివరనున్న వేలిముద్ర బటనును కూడా మీ వేలితో నమోదు చేసి చూడండి, అది యంత్రంలోని చిప్‌తో జతపడి ఉంటుంది కనుక బయట ఎక్కడపడితే అక్కడ మార్పిస్తే వేలిముద్ర పనిచేయదు.

ఏ సంవత్సరపు మోడల్ అన్నది కూడా అడగాలి. 2016 నుంచి 2019 వరకు వచ్చిన 13, 15 అంగుళాల మోడళ్లలో ఎస్కేప్ తాకుడు గుర్తే. పైగా వాటిలో ఉన్నది దుమ్ము చేరితే మొరాయించే బటర్‌ఫ్లై కీబోర్డు. 2019 చివరి 16 అంగుళాల మోడల్, 2020 నుంచి వచ్చిన 13 అంగుళాల మోడళ్లలో ఎస్కేప్ విడి కీగా ఉంటుంది, కీబోర్డు కూడా దృఢమైనది. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు చివరిదని ఆపిల్ ప్రకటించింది. కాబట్టి టచ్ బార్ ఉన్నదే తీసుకోదలచినవారు ఎం1 లేదా ఎం2 చిప్ ఉన్న 13 అంగుళాల మోడల్‌కే పరిమితం కావడం మేలు.

మూడవ పని: టచ్ బార్ మారకుండా కట్టడి చేయండి

టచ్ బార్ గొప్పతనంగా చెప్పినదే నా దృష్టిలో దాని లోపం. తెరచిన యాప్‌ను బట్టి అది తన రూపం మార్చుకుంటూ ఉంటుంది. ఇంతకుముందు ఉన్న చోట ఇప్పుడు మరొకటి ఉంటుంది. చెయ్యి దేనినైనా నేర్చుకోవాలంటే అది కదలకుండా ఉండాలి. అందుకే మొదట చేయవలసినది ఆ మార్పును ఆపడం.

ఆపిల్ గుర్తు మీద నొక్కి సిస్టమ్ సెట్టింగ్స్ తెరవండి. కీబోర్డ్ విభాగంలో టచ్ బార్ సెట్టింగ్స్ అనే బటన్ ఉంటుంది. మ్యాక్ఓఎస్ మాంటెరీ, అంతకు ముందువి వాడేవారికి సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లోని కీబోర్డ్ పేజీలోనే ఇవి కనిపిస్తాయి. అక్కడ టచ్ బార్ ఏమి చూపాలి అన్న జాబితాలో యాప్ కంట్రోల్స్ అని ఉన్నదానిని మార్చి ఎక్స్‌పాండెడ్ కంట్రోల్ స్ట్రిప్ ఎంచుకోండి. ఇక ఏ యాప్ తెరచినా వెలుతురు, శబ్దం, పాట నియంత్రణలు పాత కీలు ఉన్న క్రమంలోనే, కదలకుండా ఉంటాయి. ప్రోగ్రామర్లు, లెక్కల పని చేసేవారు ఇదే జాబితాలో ఎఫ్1, ఎఫ్2 కీలను ఎంచుకుని, ఎఫ్ఎన్ కీ నొక్కి పట్టినప్పుడు ఏమి చూపాలి అన్న చోట ఎక్స్‌పాండెడ్ కంట్రోల్ స్ట్రిప్ పెట్టుకోవాలి. అప్పుడు పన్నెండు కీలు ఎప్పుడూ ఎదురుగా ఉంటాయి, శబ్దం మార్చాలనుకున్నప్పుడే ఎఫ్ఎన్ పట్టుకుంటే చాలు.

ఒకటి రెండు యాప్‌లలో మాత్రమే ఫంక్షన్ కీలు కావాలంటే ఇంకా మంచి మార్గం ఉంది. కీబోర్డ్ విభాగంలోని కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరచి, ఎడమ జాబితాలో ఫంక్షన్ కీస్ ఎంచుకోండి. ప్లస్ గుర్తు నొక్కి మీ కోడ్ ఎడిటరును గాని, విండోస్‌ను నడిపే వర్చువల్ మెషీన్ యాప్‌ను గాని చేర్చండి. ఆ యాప్ ముందుకు వచ్చినప్పుడల్లా పట్టీ మీద ఎఫ్1 నుంచి ఎఫ్12 వరకు వాటంతట అవే కనిపిస్తాయి. మ్యాక్ మీద ట్యాలీని వర్చువల్ మెషీన్‌లో నడిపేవారికి ఈ ఒక్క అమరికే సగం కష్టం తీరుస్తుంది.

తరువాత పొరపాటు తాకిడుల సంగతి చూడండి. మొదటి అమరికలో సిరి గుర్తు కుడి చివర, డిలీట్ కీకి సరిగ్గా పైన ఉంటుంది. అక్షరాలు తుడిచేటప్పుడు వేలు కొంచెం పైకి జారితే సిరి మేలుకొంటుంది. టచ్ బార్ సెట్టింగ్స్‌లో కస్టమైజ్ కంట్రోల్ స్ట్రిప్ నొక్కి, మౌస్ బాణాన్ని తెర అడుగు అంచు దాటించి కిందికి లాగితే అది టచ్ బార్ మీదికి దిగుతుంది. అక్కడ సిరి గుర్తును పట్టుకుని పైకి తెర మీదికి లాగి వదిలేయండి. ఆ చోట పొరపాటున తాకినా నష్టం లేనిదానిని, ఉదాహరణకు స్క్రీన్‌షాట్‌ను, పెట్టండి. తెలుగు, ఇంగ్లీషు మార్చి మార్చి టైపు చేసేవారు ఇదే పద్ధతిలో భాష మార్చే గుర్తును కూడా చేర్చుకోవచ్చు, అయినా అది చూసి తాకవలసిన పనే కనుక కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కడమే వేగమని నా అనుభవం.

శబ్దం, వెలుతురు గుర్తులను తాకి, జారుడు గీత వచ్చేదాకా ఆగి, దానిని మళ్లీ వెతికి పట్టుకోవడం చాలామంది చేసే పని. అది అవసరం లేదు. గుర్తు మీద వేలు పెట్టి ఎత్తకుండానే కుడికో ఎడమకో జార్చండి. విలువ వెంటనే మారుతుంది.

వేలికి స్పందన లేకపోవడం అన్న లోటును కొంత తీర్చే ఉచిత సాధనం ఒకటి ఉంది: హాప్టిక్‌కీ. టచ్ బార్‌ను తాకిన ప్రతిసారీ అది కింద ఉన్న ట్రాక్‌ప్యాడ్‌ను చిన్నగా కంపింపజేస్తుంది. కంపనం పుట్టేది వేరే చోట అయినా, నొక్కు పడిందన్న నమ్మకం చేతికి కలుగుతుంది. గుర్తులను ఇంకా వివరంగా, మీకు కావలసిన పరిమాణంలో అమర్చుకోవాలనుకుంటే బెటర్‌టచ్‌టూల్ అనే యాప్ ఉంది. నాలుగే నాలుగు పెద్ద బటన్లతో పట్టీ అంతా నింపుకోవచ్చు. పట్టీ పొడవును నాలుగు భాగాలు చేస్తే వేలు చూడకుండానే సరైన భాగంలో పడుతుంది, ఈ చిట్కాను నేను చాలామందికి చెప్పాను. చూపు మందగించినవారు యాక్సెసిబిలిటీలోని జూమ్ విభాగంలో టచ్ బార్ జూమ్‌ను ఆన్ చేస్తే పట్టీ మీద తాకినచోటు పెద్దదిగా తెర మీద కనిపిస్తుంది.

నాలుగవ పని: ఎస్కేప్‌ను చేతి కిందికి తెచ్చుకోండి

కోడ్ రాయడానికి విమ్ అనే ఎడిటరు వాడేవారికి ఎస్కేప్ లేకపోతే పనే సాగదు. సిస్టమ్ సెట్టింగ్స్, కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, మాడిఫయర్ కీస్ అన్న వరుసలో వెళ్లి, క్యాప్స్‌లాక్ ఎదురుగా ఎస్కేప్ ఎంచుకోండి. చిటికెన వేలు పక్కనే ఉన్న పెద్ద కీ ఎస్కేప్‌గా మారుతుంది. రెండు మూడు రోజులలో ఇది పాత ఎస్కేప్ కంటే సుఖంగా అనిపిస్తుంది. నొక్కే ఎస్కేప్ ఉన్న యంత్రానికి మారాక కూడా నేను ఈ మార్పును వదులుకోలేదు.

తెలుగులో టైపు చేసేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. క్యాప్స్‌లాక్‌తో తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారే సౌకర్యాన్ని మీరు ఆన్ చేసుకుని ఉంటే, ఈ మార్పుతో అది పోతుంది. ఒకే కీకి రెండు పనులు అప్పగించలేము కనుక భాష మార్పిడిని కంట్రోల్, స్పేస్‌కు మార్చుకున్నాకే క్యాప్స్‌లాక్‌ను ఎస్కేప్‌కు ఇవ్వండి. క్యాప్స్‌లాక్‌ను కదపడం ఇష్టం లేనివారికి టెర్మినల్‌లో కంట్రోల్‌తో పాటు ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కితే ఎస్కేప్ పనే జరుగుతుంది. మ్యాక్‌లోని డైలాగు పెట్టెలను మూయడానికి కమాండ్‌తో పాటు చుక్క కీ పనికివస్తుంది.

ఇదే బాటలో ఫంక్షన్ కీలతో పనిలేని మార్గాలు కొన్ని నేర్చుకోవడం మంచిది. మ్యాక్‌లోని ఎక్సెల్‌లో ఎఫ్2 బదులు కంట్రోల్, యు. ఎఫ్4 బదులు కమాండ్, టి. బ్రౌజరులో పేజీని మళ్లీ లోడ్ చేయడానికి కమాండ్, ఆర్. విండోస్‌లోనైతే కంట్రోల్, ఆర్.

ఐదవ పని: విండోస్ యంత్రాలలో ఎఫ్ఎన్ లాక్ సరిచేయండి

నొక్కే కీలు ఉన్న యంత్రం కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మొదటి అమరికలో పై వరుస శబ్దం, వెలుతురు పనులే చేస్తుంది. ఎఫ్2 కావాలంటే ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కాలి. ఎక్సెల్‌లో గడి సవరించబోతే వెలుతురు తగ్గిందని ఫిర్యాదు చేసేవారిలో ఎక్కువమంది సమస్య ఇదే. డెల్, లెనోవో యంత్రాలలో చాలావాటిలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి నొక్కితే వరుస అసలైన ఫంక్షన్ కీలుగా స్థిరపడుతుంది. ఎస్కేప్ మీద చిన్న తాళం బొమ్మ గాని, ఎఫ్ఎన్ లాక్ అన్న అక్షరాలు గాని ఉంటే ఆ సౌకర్యం ఉన్నట్లే. హెచ్‌పీ యంత్రాలలో బయాస్‌లోకి (విండోస్ మొదలు కాకముందు తెరిచే యంత్రపు మూల అమరికల పేజీలోకి) వెళ్లి యాక్షన్ కీస్ మోడ్ అన్న అమరికను ఆపవలసి రావచ్చు. డెల్ తాకుడు వరుస ఉన్న యంత్రాలలో ఎఫ్ఎన్‌తో రెండు జట్ల గుర్తుల మధ్య మారవచ్చు. మీరు ఎక్కువగా వాడే జట్టును స్థిరపరచుకుని, దానిని పదేపదే మార్చకుండా ఉండండి. టచ్ బార్ విషయంలో చెప్పిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది.

విండోస్‌లో ఎస్కేప్‌ను క్యాప్స్‌లాక్‌కు మార్చడానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ చాలు. అందులోని కీబోర్డ్ మేనేజర్ తెరచి, రీమ్యాప్ ఎ కీ నొక్కి, ఒకవైపు క్యాప్స్‌లాక్, మరొకవైపు ఎస్కేప్ ఎంచుకుని భద్రపరచండి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే దీనిని ఎక్కించే ముందు మీ ఐటీ విభాగాన్ని అడగండి.

బల్ల దగ్గర కూర్చుని గంటల తరబడి పనిచేసేవారికి బయటి కీబోర్డే అన్నిటికంటే చవకైన, శాశ్వతమైన మార్గం. కొనేటప్పుడు ఫంక్షన్ కీలు నాలుగేసి చొప్పున విడివిడిగా ఉన్నదానినే ఎంచుకోండి. తక్కువ స్థలం తీసుకుంటుందని వాటిని ఒకే బారుగా కుదించిన చిన్న కీబోర్డును తెచ్చుకుంటే, చేత్తో తడిమి గుర్తుపట్టే వీలు మళ్లీ పోతుంది. టచ్ బార్ ఉన్న మ్యాక్‌కు దానిని తగిలించాక, కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లోని ఫంక్షన్ కీస్ పేజీలో బయటి కీబోర్డుల ఎఫ్ కీలను మామూలు ఫంక్షన్ కీలుగా వాడాలన్న ఎంపికను ఆన్ చేయడం మరచిపోకండి.

పట్టీ స్పందించకపోతే

టచ్ బార్ ఉన్నట్టుండి నల్లబడినా, పాత బొమ్మ దగ్గరే నిలిచిపోయినా వెంటనే యంత్రాన్ని ఆపవద్దు. తెరచి ఉన్న పని పోవచ్చు. కొద్దిసేపు వాడకపోతే పట్టీ తనంతట తానే మసకబారి ఆరిపోతుంది కనుక, ముందు ఏదైనా ఒక కీ నొక్కి చూడండి. అయినా వెలగకపోతే కమాండ్, స్పేస్ నొక్కి యాక్టివిటీ మానిటర్ అని వెతికి తెరవండి. వెతికే పెట్టెలో టచ్‌బార్‌సర్వర్ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, కనిపించినదానిని ఎంచుకుని, పైనున్న ఆపే గుర్తు నొక్కి ఫోర్స్ క్విట్ ఇవ్వండి. మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. క్షణం పాటు పట్టీ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. కుడివైపు చిన్న గుర్తులు మాత్రమే మొరాయిస్తుంటే కంట్రోల్‌స్ట్రిప్ అన్నదానిని ఇలాగే ఆపితే సరిపోతుంది.

దానికీ లొంగకపోతే పని భద్రపరచుకుని, యంత్రాన్ని పూర్తిగా ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ పట్టీ చీకటిగానే ఉండి, కమాండ్, షిఫ్ట్, 6తో తీసిన బొమ్మలో మాత్రం గుర్తులన్నీ సవ్యంగా కనిపిస్తే తెర చెడిపోయినట్లే. పట్టీ యంత్రం పైభాగంతో కలిసి ఉంటుంది, దానిని మార్చడం ఒక్క కీ మార్చినంత తేలిక కాదు. ఖర్చు ఎంతవుతుందో ముందే రాయించుకోండి. పాత యంత్రమైతే ఆ మొత్తాన్ని బయటి కీబోర్డు ధరతో పోల్చి చూడండి. క్యాప్స్‌లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకుని ఉంటే, శబ్దం, వెలుతురు మెనూ పట్టీలోని కంట్రోల్ సెంటర్ నుంచి మార్చుకుంటూ చీకటి పట్టీతోనే మరికొన్నేళ్లు పని నడుస్తుంది.